ఎంత నమ్మాలో చెప్పే లెక్క

తీరం కనబడుతున్నంతసేపూ బారువ జాలరికి మహేంద్రగిరి ఒక్కటి చాలు, వేరే దారి చెప్పేవాళ్లు అక్కర్లేదు. పదిహేను వందల మీటర్ల కొండ అది. గాలి తేటగా ఉన్న రోజున ఊళ్లూ తోటలూ నీళ్లలో మునిగిపోయాక కూడా పడమటి అంచున నీలంగా నిలబడే ఉంటుంది. కళింగపట్నం వాళ్లకు వంశధార మొగ దగ్గరి లైట్‌హౌస్ గుర్తు. విజయనగరం జిల్లా చింతపల్లి గుట్ట మీది లైట్‌హౌస్ అయితే 19వ శతాబ్దం నడుమ పుట్టిందే అక్కడి నీటిలో పొంచి ఉన్న శాంతపల్లి రాళ్ల మీదికి ఓడలు ఎక్కకుండా చూడటానికి. కొండకొమ్మును తీరాన ఉన్న తాటిచెట్టుతో జతచేసి ఒక గీత, గుడి గోపురాన్ని వెనకాల గుట్టతో జతచేసి మరో గీత. ఆ రెండూ కలిసే చోట వల దించడం ఈ తీరంలో తాతల నాటి విద్య.

కొండ కూడా మునిగిపోయాక మాత్రం పని ఆకాశం మీద పడుతుంది. సూర్యుడి ఎత్తు కొలిస్తే ఉత్తర దక్షిణాలలో ఎక్కడున్నామో తెలుస్తుంది. తూర్పు పడమరలు తెలియాలంటే గడియారం కావాలి, అదీ తప్పు చూపని గడియారం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఓడ గడియారంలో నాలుగు సెకన్లు తేడా వస్తే మన అక్షాంశం దగ్గర ఒకటిముప్పావు కిలోమీటర్ల తేడా వచ్చేస్తుంది. విశాఖపట్నంలో ఈ అవసరాన్ని పట్టించుకున్నది ఒక జమీందారు. గోడె వెంకట జగ్గారావు (1817–1856) మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళ శాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించారు. నక్షత్రాలను చూసి సరిచేసిన వేళను డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండా ద్వారా రేవులో నిలిచిన ఓడలకు తెలియజేసే ఏర్పాటు చేశారు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని సాగించారు. ఈనాడు మన ఫోన్‌కి చోటు చెప్పే ఉపగ్రహాలు చేస్తున్నదీ వేళ చెప్పడమే. జెండా ఎత్తు మాత్రం వేల కిలోమీటర్లకు పెరిగింది.

మబ్బు పడితే సూర్యుడూ లేడు, చుక్కలూ లేవు. నైరుతి రుతుపవనాల్లో బంగాళాఖాతం మీద అలాంటి రోజులు వరసపెట్టి వస్తాయి. అప్పుడు నావికుడికి మిగిలేది అంచనా. ఈ దిక్కుగా, ఇంత వేగంతో, ఇన్ని గంటలు నడిచాం కనుక ఇక్కడ ఉండాలి. ఈ లెక్కలో ఒక మోసం ఉంది. ఓడ అడుగున ఉండే వేగమాపకం నీటి మీద ఓడ వేగాన్ని కొలుస్తుంది. ఆ నీరే కదిలిపోతుంటే దానికి తెలియదు. మన తీరాన మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రవాహం ఉత్తరంగా ఒడిశా వైపు నడుస్తుంది, అక్టోబరు దాటాక తిరగబడి దక్షిణంగా పోతుంది. గంటకు ఒక నాటికల్ మైలు ప్రవాహం పది గంటలు లాగితే పద్దెనిమిది కిలోమీటర్లు పక్కకు పోయినట్టే, పడవలో ఉన్నవాళ్లకు నీరు నిలకడగానే కనిపిస్తుంది.

బయటికి దేన్నీ చూడకుండా చోటు తెలుసుకోగలమా అన్న ప్రశ్న జర్మనీలో ఒక వింత మనిషికి వచ్చింది. హెర్మన్ అన్‌షుట్జ్-కెంఫె కళల చరిత్ర చదివినవాడు, ఇంజినీరు కాడు. మంచు కింద నుంచి జలాంతర్గామిలో ఉత్తర ధ్రువం చేరాలని ఆయన పట్టుదల. ఉక్కు గోడల మధ్య అయస్కాంత దిక్సూచి పనిచేయదు, ధ్రువం దగ్గర అసలే పనిచేయదు. జైరో అనే వేగంగా తిరిగే చక్రం తన ఇరుసు దిక్కును వదలదని ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో 1852లోనే చూపించి ఉన్నాడు. దాన్ని పట్టుకుని అన్‌షుట్జ్ జైరో దిక్సూచి తయారుచేసి 1908లో జర్మన్ యుద్ధనౌక మీద పరీక్షించాడు. ఓడ ఊగినా, మలుపు తిరిగినా ఆ దిక్సూచి బెదరకుండా ఉండే కిటుకు ఆయన బంధువు మాక్స్ షూలర్‌కు దొరికింది. భూమి వ్యాసార్ధం అంత పొడవు లోలకం ఉంటే దాని ఊపు ఒకసారి పూర్తి కావడానికి 84.4 నిమిషాలు పడుతుంది. యంత్రాన్ని ఆ ఊపుకు శ్రుతి చేస్తే వాహనం కుదుపులు దాన్ని తప్పుదారి పట్టించలేవు. 1923లో అచ్చయిన ఈ లెక్క లేకుండా ఇవాళ్టికీ ఏ ఓడలోనూ, ఏ విమానంలోనూ జడత్వ నావిగేషన్ లేదు.

జడత్వ నావిగేషన్ అంటే, పలాస నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో కళ్లు మూసుకుని కూర్చుని, బ్రేకు వేసినప్పుడు ముందుకు తూలడం, మలుపులో పక్కకు ఒరగడం, వేగం అందుకున్నప్పుడు సీటుకు అతుక్కోవడం, వీటినే బట్టి టెక్కలి వచ్చిందో నరసన్నపేట దాటామో చెప్పడం. యంత్రంలో మలుపును జైరోలు, తూలుడునూ ఒరుగుడునూ యాక్సిలరోమీటర్లు కొలుస్తాయి. త్వరణాన్ని కాలంతో కూడుకుంటూ పోతే వేగం, వేగాన్ని కూడుకుంటూ పోతే దూరం. ఎంఐటీలోని చార్లెస్ స్టార్క్ డ్రేపర్ బృందం 1953 ఫిబ్రవరిలో టన్నుకు పైగా బరువున్న ఇలాంటి యంత్రాన్ని విమానంలో పెట్టి, అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా దాని మాట మీదే నడిపింది. 1958 ఆగస్టు 3న అమెరికా జలాంతర్గామి నాటిలస్ 116 మందితో మంచు కింద ఉత్తర ధ్రువం దాటింది. అన్‌షుట్జ్ కల, జైరో దిక్సూచి పరీక్ష జరిగిన యాభై ఏళ్లకు నెరవేరింది.

ఈ పద్ధతికి పుట్టుకతోనే ఒక జబ్బు ఉంది. రెండుసార్లు కూడటం వల్ల, మొదట్లో ఉన్న చిన్న తప్పు కాలంతో పాటు పెరుగుతుంది, అదీ కాలం వర్గంతో. త్వరణంలో సెకనుకు సెకనుకు ఒక మిల్లీమీటరు తప్పును అలాగే వదిలేస్తే గంటకు ఆరున్నర కిలోమీటర్లు అవుతుంది. షూలర్ కిటుకు దీనికి కళ్లెం వేస్తుంది కానీ జైరో జారుడుకు వేయలేదు. గంటకు డిగ్రీలో నూరో వంతు జారినా చోటు లెక్క గంటకు సుమారు కిలోమీటరు పక్కకు పోతుంది. ఆ తప్పు మెల్లగా, చడీచప్పుడు లేకుండా పేరుకుంటుంది. యంత్రం మాత్రం తడబడకుండా అంకెలు చూపిస్తూనే ఉంటుంది.

నాటిలస్ నాలుగు రోజుల సాహసానికి ఇది సరిపోయింది. నెలల తరబడి నీటి అడుగునే తిరుగుతూ, పొలారిస్ అణు క్షిపణులు మోసే అమెరికా జలాంతర్గాములకు సరిపోదు. క్షిపణి ఎక్కడ పడుతుందో అది ఎక్కడి నుంచి లేచిందో తెలిస్తేనే చెప్పగలం. బయల్దేరిన చోటులో రెండు కిలోమీటర్ల తప్పుంటే పడే చోటులోనూ ఆ తప్పు ఉంటుంది. ఈ తప్పుకు మందు వెతకడానికి డబ్బు పెట్టినది అణుయుద్ధ భయం. ఆ మాట దాచి కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

మందు ఇంకోచోట, ఇంకో పనిలో దొరికింది. 1957 అక్టోబరు 4న సోవియట్ వాళ్లు స్పుత్నిక్‌ను ఎగరేశారు. మేరీలాండ్‌లోని జాన్స్ హాప్కిన్స్ అప్లైడ్ ఫిజిక్స్ ప్రయోగశాలలో విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు కుర్రాళ్లు దాని బీప్ శబ్దాన్ని రేడియోలో పట్టుకున్నారు. ఉపగ్రహం దగ్గరికి వస్తున్నప్పుడు హెచ్చుగా, దూరమవుతున్నప్పుడు తగ్గుగా వినిపించే ఆ స్వరాన్ని నమోదు చేసి, ఆ మార్పు ఒక్కదానితోనే దాని కక్ష్య మొత్తం కట్టేశారు. 1958 మార్చిలో వాళ్ల పై అధికారి ఫ్రాంక్ మెక్‌క్లూర్ వాళ్లను పిలిచి ప్రశ్నను తిరగేసి అడిగాడు. మన చోటు తెలిసి ఉపగ్రహం దారి కనుక్కున్నారు కదా, ఉపగ్రహం దారి తెలిస్తే మన చోటు కనుక్కోవచ్చా? ఆ ప్రయోగశాల అప్పటికే పొలారిస్ పనిలో ఉంది కాబట్టి జలాంతర్గాముల ఇబ్బంది ఆయనకు తెలుసు. రిచర్డ్ కెర్షనర్ నాయకత్వంలో ట్రాన్సిట్ అనే ఉపగ్రహ వ్యవస్థ తయారైంది. 1960 ఏప్రిల్ 13న మొదటి ఉపగ్రహం కక్ష్యలో కుదురుకుంది. 1964 నుంచి నౌకాదళం, 1967 నుంచి మామూలు ఓడలూ వాడుకున్నాయి. 1996 చివరిదాకా అది పనిచేసింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే ముడి ఇక్కడుంది. ట్రాన్సిట్ ఉపగ్రహం నెత్తిమీద నుంచి దాటడానికి పావుగంట దాకా పడుతుంది, చోటు తెలియాలంటే ఆ పావుగంట వినాలి. ఆలోగా ఓడ కదిలిపోతుంది. ఓడ ఎంత కదిలిందో ఉపగ్రహానికి తెలియదు, ఓడే చెప్పాలి. ఓడ తన వేగాన్ని గంటకు ఒక నాటికల్ మైలు తప్పుగా చెబితే దొరికే చోటు దాదాపు 400 మీటర్లు తప్పుతుంది. అంటే, జారిపోయే జైరో యంత్రాన్ని దారిలో పెట్టడానికి వచ్చిన ఉపగ్రహానికి, ఆ జైరో యంత్రమే సాయం పట్టాలి! పైగా ఒక ఉపగ్రహం దాటాక రెండోది రావడానికి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టేది. ఆ మధ్యకాలమంతా జైరోదే భారం. ఉపగ్రహం, జడత్వం కలిసి పనిచేయడం అనేది తరవాత్తరవాత ఎవరో సౌకర్యం కోసం జోడించింది కాదు. సముద్రం మీద ఉపగ్రహ నావిగేషన్ మొదటి రోజు నుంచే జంటగా బతికింది.

కానీ రెండు యంత్రాలు రెండు వేరు వేరు చోట్లు చెబితే ఎవరి మాట వినాలి? కొత్తగా వచ్చిన ఉపగ్రహం మాట విని జైరో అంకెను కొట్టేయడం మొదటి పద్ధతి. అది మొరటు పద్ధతి, ఎందుకంటే ఉపగ్రహం చెప్పిందీ పూర్తి నిజం కాదు. జవాబు 1960లో, అమెరికా మెకానికల్ ఇంజినీర్ల పత్రికలో వచ్చింది. రాసినవాడు బుడాపెస్ట్‌లో పుట్టిన రుడాల్ఫ్ కాల్మన్. నాసా ఏమ్స్ కేంద్రంలో స్టాన్లీ ష్మిట్ దాన్ని చంద్రయాత్ర నావిగేషన్ కోసం అందిపుచ్చుకున్నాక లోకం గమనించింది.

కాల్మన్ లెక్కలో ప్రతి అంకెకూ పక్కన ఇంకో అంకె ఉంటుంది, ఈ మాటను ఎంతవరకు నమ్మవచ్చు అని. జైరో యంత్రం చెప్పిన చోటులో 900 మీటర్ల అటూఇటూ, ఉపగ్రహం చెప్పినదానిలో 300 మీటర్ల అటూఇటూ ఉందనుకుందాం. తప్పు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి, ఆ మూడు వర్గం ప్రకారం, జైరో మాటకు ఒక వంతు, ఉపగ్రహం మాటకు తొమ్మిది వంతులు బరువు ఇచ్చి కలపాలి. వచ్చే చోటులో అటూఇటూ 285 మీటర్లు. చూడండి, ఆ ఇద్దరిలో మెరుగైనవాడి కన్నా కూడా కాస్త మెరుగు. పనికిమాలిన సలహాదారుడు కూడా ఎంత పనికిమాలినవాడో ముందే తెలిస్తే పనికొస్తాడు.

ఇంకో మెట్టు ఉంది, అదే అసలు గొప్ప. పదిసార్లు పోల్చి చూసినప్పుడు జైరో లెక్క ప్రతిసారీ తూర్పుకే జరుగుతోందనుకోండి, గంటకు ఇంత చొప్పున ఈ జైరో తూర్పుకు జారుతుందని కాల్మన్ లెక్క పసిగట్టి, ఇకమీదట ఆ జారుడును ముందే తీసేస్తుంది. ఉపగ్రహం చోటు మాత్రమే చెప్పింది. ఆ చోటు నుంచి యంత్రంలోని జబ్బును కనిపెట్టింది లెక్క. తరవాత ఉపగ్రహం కనబడకపోయినా, జబ్బు తెలిసిన జైరో ముందుకన్నా ఎక్కువసేపు నమ్మకంగా నడుస్తుంది. నన్నడిగితే ఈ మొత్తం కథలో ఆవిష్కరణ అని పిలవదగింది చక్రమూ కాదు, ఉపగ్రహమూ కాదు, ఈ లెక్కే.

ఇలాంటి లెక్కలకు ఒక హద్దు ఉందని కాల్మన్ కన్నా పదిహేనేళ్ల ముందే చూపించినవాడు విశాఖలో చదువుకున్న కుర్రాడు. హడగళిలో 1920లో పుట్టిన సి.ఆర్. రావు ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి గణితంలో ఎం.ఏ. పట్టా అందుకున్నారు. యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అది దొరకలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విని 1941లో అందులో చేరారు. మూడేళ్లకు క్లాసులో పాఠం చెబుతుంటే వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు. పెద్ద నమూనాలకు గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన హద్దు చిన్న నమూనాలకూ ఉంటుందా అని. రావు ఇంటికి వెళ్లి ఆ రాత్రే లెక్క తేల్చారు. 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో అచ్చయిన ఆ ఫలితాన్ని ఇవాళ క్రామర్-రావు హద్దు అంటారు. పక్షపాతం లేని ఏ పద్ధతితోనైనా, ఉన్న సమాచారంతో తప్పును ఇంతకన్నా తగ్గించలేరు అని అది గీత గీసి చెబుతుంది. కాల్మన్ లెక్క ఆయన నుంచి పుట్టిందని నేను అనడం లేదు. కానీ ఓడకో క్షిపణికో నావిగేషన్ లెక్క రాసిన ఇంజినీరు, తన పని ఎంత బాగా వచ్చిందో కొలుచుకునే కొలబద్ద మాత్రం రావు గీసిన గీతే. సర్వే ఉద్యోగం దొరికి ఉంటే ఏమయ్యేదో!

1973లో బ్రాడ్‌ఫర్డ్ పార్కిన్సన్ బృందం జీపీఎస్‌కు రూపం ఇచ్చింది. పార్కిన్సన్ ఎంఐటీలో డ్రేపర్ ప్రయోగశాలలో జడత్వ యంత్రాల మధ్య పెరిగినవాడన్నది మరవకూడదు, తన కొత్త వ్యవస్థకు ఎక్కడ తోడు కావాలో ఆయనకు బాగా తెలుసు. 1978లో మొదటి ఉపగ్రహం ఎగిరింది. 2000 మే నెలలో అమెరికా మామూలు జనానికి ఇచ్చే సంకేతాన్ని కావాలని పాడుచేయడం మానేసింది. వంద మీటర్ల తప్పు పదీ ఇరవై మీటర్లకు దిగింది. ఆ తరవాత లోకం ఆ ఒక్కదాన్నే నమ్ముకుంది, తోడును మరిచిపోయింది.

మరిచిపోతే ఏమవుతుందో చెప్పే సంఘటన అంతకు ముందే జరిగింది. 1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడ బెర్ముడా నుంచి బోస్టన్ బయల్దేరింది. గంట తిరక్కుండానే జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. పెట్టె ఆగిపోలేదు. వేగం, దిక్కు పట్టుకుని పాత అంచనా లెక్కలోకి మారిపోయింది. మారానని చెప్పడానికి తెర మీద రెండు మూడు చిన్న అక్షరాలు చూపించి, ఒక సెకను మోగి ఊరుకుంది. గాలీ, ప్రవాహమూ ఓడను పక్కకు నెడుతుంటే ఆ అంచనాకు తెలియదు. 34 గంటలు అలా నడిచిన ఓడ 10వ తేదీ రాత్రి నాంటకెట్ దగ్గర ఇసుక మేట ఎక్కింది. తామున్నామనుకున్న చోటుకు 17 నాటికల్ మైళ్ల దూరంలో! ఒక్కరికీ దెబ్బ తగలకపోవడం అదృష్టం. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో ఇంకో రకం ఆపద కనబడింది. ఇరవై దాకా ఓడల జీపీఎస్‌లు, అవి నీటి మీదే ఉండగా, ఒడ్డున విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. ఎవరో దొంగ సంకేతం పంపారన్నమాట. తీగ ఊడినా, దొంగ మాట వచ్చినా, పక్కన జైరో యంత్రం ఉంటే కాల్మన్ లెక్క రెంటినీ పోల్చి, ఇంత పెద్ద ఓడ ఒక్క క్షణంలో అంత దూరం దూకదు కదా అని అనుమానిస్తుంది.

*

మన దగ్గర ఈ జంట మొదట క్షిపణుల్లో కాపురం పెట్టింది. హైదరాబాద్‌లో అబ్దుల్ కలాం చొరవతో వచ్చిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ 1988 నుంచి జైరోలూ, జడత్వ వ్యవస్థలూ తయారు చేస్తోంది. బయటి దేశాలు ఇలాంటి పరికరాలు అమ్మబోమని తలుపులు వేసిన రోజులవి. నెల్లూరు జిల్లా మహిమలూరులో పుట్టి, అనంతపురం జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ చదివి, 1986లో క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో చేరిన జి. సతీశ్ రెడ్డి ఆ పనిలోనే పైకి వచ్చి, జడత్వ వ్యవస్థలకు ఉపగ్రహ సంకేతాన్ని జతచేసే పరిశోధన నడిపి, 2018 నుంచి 2022 దాకా డీఆర్‌డీఓ అధిపతిగా ఉన్నారు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నావిగేషన్ ఆయనకు ఫెలోషిప్ ఇచ్చింది. 2017లో నౌకాదళానికి అప్పగించిన స్వదేశీ వ్యవస్థల్లో ఇమారత్ చేసిన ఓడల జడత్వ నావిగేషన్ వ్యవస్థ ఒకటి. విశాఖలో కట్టిన అరిహంత్ వంటి జలాంతర్గామికి నీటి లోతున ఉపగ్రహం మాట వినబడదు, ఉప్పునీరు ఆ రేడియో తరంగాన్ని మింగేస్తుంది. అక్కడ జడత్వమే దిక్కు.

విశాఖలో ఇంకో పని జరిగింది, పత్రికల్లో తక్కువగా కనబడే పని. ఉపగ్రహం నుంచి మన పెట్టెకు వచ్చే సంకేతం అయనావరణం దాటాలి. అక్కడి ఎలక్ట్రాన్లు దాన్ని ఆలస్యం చేస్తాయి. సెకనులో పదిలక్షో వంతు ఆలస్యమైతే 300 మీటర్ల తప్పు. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన ఆకాశంలో ఈ ఎలక్ట్రాన్లు మహా అల్లరి చేస్తాయి. పగలు మధ్యరేఖ దగ్గర పైకి లేచి, ఇటు ఉత్తరాన, అటు దక్షిణాన గుట్టలుగా పడతాయి. సూర్యుడు గుంకాక వాటిలో బుడగల్లాంటి ఖాళీలు లేచి, సంకేతం మిణుకుమిణుకుమంటుంది, ఒక్కోసారి తెగిపోతుంది. మార్చి, సెప్టెంబరు నెలల అటూఇటూ, సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న ఏళ్లలో ఇది మరీ ఎక్కువ. ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర శాఖలో అయనావరణ పరిశోధన దశాబ్దాల నాటిది. దేశమంతటా పెట్టిన జీపీఎస్ రిసీవర్ల నుంచి 2004, 2005లలో వచ్చిన కొలతలను పి.వి.ఎస్. రామారావు బృందం అక్కడ విశ్లేషించింది. ఆ రిసీవర్లు గగన్ కోసం పెట్టినవి, అంటే ఉపగ్రహ సంకేతంలోని తప్పులను దిద్ది పంపడానికి ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి కట్టిన వ్యవస్థ. అమెరికా, యూరప్ ఆకాశాలకు సరిపోయిన నమూనా మన ఆకాశానికి సరిపోదు కాబట్టి ఇస్రో తనదంటూ ఒకటి కట్టుకోవలసి వచ్చింది.

ఈ చీకటిపడే వేళ విషయాన్ని ఎందుకు సాగదీశానంటే, బోట్లు వేటలో ఉండే వేళల్లో అదొకటి. శ్రీకాకుళం తీరం 190 కిలోమీటర్ల పైచిలుకు, విజయనగరానిది ముప్పై లోపు. పెద్ద హార్బరు లేక ఇక్కడి కుర్రాళ్లు గుజరాత్ వేరావల్‌కో, చెన్నైకో, పారాదీప్‌కో వలసపోయి ఇతరుల బోట్లలో కలాసీలుగా, తండేళ్లుగా పనిచేస్తారు. 2018 నవంబరు చివర వేరావల్ నుంచి వెళ్లిన బోట్లలోని మన జిల్లాల మత్స్యకారులను సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా దగ్గర దేశంలో అడుగుపెట్టారు. అప్పట్లో చాలామంది, బోటులో జీపీఎస్ ఉండదా అని తేలిగ్గా అనేశారు. జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలు చెబుతుంది. నీటి మీద గీత లేని సరిహద్దును, లోపల పటం పెట్టి ఉంటే తప్ప, చూపించదు. ఇంజిను చెడి ప్రవాహానికి కొట్టుకుపోతుంటే ఎక్కడ కొట్టుకుపోతున్నామో కచ్చితంగా తెలియడం వల్ల ఒరిగేదీ తక్కువే.

ఆ లోటు కొంత తీరుతోంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2019లో జెమిని అనే పెట్టెను తెచ్చింది. గగన్ ఉపగ్రహం నుంచి తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం అందుకుని ఫోన్‌కి పంపుతుంది, సెల్ టవర్ అక్కర్లేదు. దాని నుంచి తిరిగి మాట పంపే వీలు లేదు. 2024 ఆగస్టులో కేంద్రం 364 కోట్ల రూపాయలతో లక్ష బోట్లకు ఇస్రో ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం మొదలుపెట్టింది. ఇవి రెండువైపులా మాట్లాడతాయి, సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తాయి. జీపీఎస్‌లా చోటు చెప్పే మన సొంత నావిక్ ఉపగ్రహాల కథ మాత్రం ఒడిదుడుకులదే. 2013లో మొదలై 2016కి ఏడు ఎగిరాయి. విదేశీ అణు గడియారాలు కొన్ని ఆగిపోయాయి. 2023 మేలో స్వదేశీ గడియారంతో ఎన్‌వీఎస్-01 వెళ్లింది. 2025 జనవరి 29న శ్రీహరికోట నూరో ప్రయోగంలో ఎగిరిన ఎన్‌వీఎస్-02 కవాటం తెరుచుకోక తన కక్ష్య చేరలేదు.

బోటుకు జైరో తోడు ఇప్పట్లో వస్తుందా అంటే, మంచి జడత్వ వ్యవస్థ ధర బోటు ధరతో పోటీపడుతుంది. కాకినాడ ముందు లోతు నీటిలో గ్యాసు బావులు తవ్వే ఓడలు లంగరు లేకుండా ఒకేచోట నిలవాలి కాబట్టి అంత ఖర్చు భరిస్తాయి. ఫోన్‌లో ఉండే చవక చిప్ సంగతి వేరు. దాని త్వరణంలో సెకనుకు సెకనుకు ఒక సెంటీమీటరు తప్పున్నా అయిదు నిమిషాలకు 450 మీటర్లు పోతుంది. సంకేతం కాసేపు మిణుకుమన్నప్పుడు ఆదుకుంటుంది, రాత్రంతా కాదు.

చవకగా ఇవ్వగలిగింది ఇంకొకటి ఉంది. కాల్మన్ లెక్క చోటుతో పాటు అనుమానాన్ని కూడా లెక్కిస్తుందని చెప్పాను కదా, ఆ అంకె ప్రతి పెట్టె లోపలా ఏదో రూపంలో ఉంటుంది. తయారీదారులు దాన్ని మూలన చిన్న ఇంగ్లిషు పొడి అక్షరాల్లో దాచి, చోటును మాత్రం పెద్ద అక్షరాల్లో చూపిస్తారు. లక్ష ట్రాన్స్‌పాండర్లు పెట్టే ప్రభుత్వం తెర మీద ఒక వరస తెలుగులో, ఒడియాలో, తమిళంలో పెట్టించాలి. సంకేతం బాగున్నప్పుడు ఇన్ని మీటర్ల అటూఇటూ అని, పోయినప్పుడు ఉపగ్రహం అందడం లేదు, ఇది అంచనా మాత్రమే అని. ఒక్క సెకను కాదు, సరంగు మీట నొక్కి విన్నానని చెప్పేదాకా అది మోగాలి.